కూర్చోబెట్టి విన్న గుండె

మగ్గం దిగి ఐదేళ్లయినా లక్సెట్టిపేట ఐలవ్వ చెవులు మాత్రం పని మానలేదు. వీధిలో ఎవరి మగ్గం చప్పుడు తేడా పడినా గడపలోంచే "పోగు తెగింది, సూసుకోండ్రి!" అని కేకేసేది. చూస్తే నిజంగానే తెగి ఉండేది. ఆ చెవులంటే పడుచు నేతగాళ్లకు హడల్.

1966లో ఆమె మనుమరాలు గంగుబాయికి ఎనిమిదేళ్లు. కొడుకూ కోడలూ భివండి మిల్లుల్లో ఉంటే పిల్ల బాపమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆ ఏడు పిల్లకు వింత జబ్బు పట్టుకుంది. లేచి కూర్చుంటే కళ్లు తిరిగేవి, నిలబడితే పడిపోయేది, పడుకోబెడితే తేరుకునేది. రోజురోజుకీ చిక్కిపోతున్న పిల్లను చూస్తూ ఐలవ్వకు ముద్ద దిగేది కాదు.

ఊళ్లో దవాఖాన పెట్టుకున్న డాక్టరు జలపతిరావు నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ ఐలవ్వ పిల్లను చేతుల మీద మోసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టింది. ఆయన విని, "గుండె మంచిగనే ఉన్నదవ్వా, రక్తం తక్కువున్నది, గంతే" అని ఎర్రమందు సీసా చేతిలో పెట్టాడు.

ఒక మధ్యాహ్నం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ ఐలవ్వ దాని వీపుకు చెవి ఆనించింది. గుండె చప్పుళ్ల నడుమ ఇంకో చిన్న చప్పుడు, ఏదో వచ్చి తలుపుకు తగిలినట్టు! పడుకోబెట్టి విన్నది, లేదు. కూర్చోబెట్టింది, ఉంది. పడిపోతుందన్న భయంతో తాను పడుకోబెట్టే చూపిస్తోంది, జబ్బేమో పిల్ల పడుకుంటే దాక్కుంటోంది. "నా తెలివి మన్నువడ!" అని నెత్తి మొత్తుకుని, పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"సారూ, గీ పిల్లను కూసుండవెట్టి ఇనుండ్రి."

"వైద్యం నాకు నేర్పుతవా అవ్వా?" అని ఆయన నవ్వాడు.

"నేనేం నేర్పుత సారూ, జర ఇనుండ్రి."

విన్నాడు. నవ్వు ఆగిపోయింది. పడుకోబెట్టి, కూర్చోబెట్టి మూడుసార్లు విన్నాడు. "నాలుగుసార్లు తప్పిపోయిన. నీ చెవి నాకంటె మేలవ్వా" అన్నాడు. దొరల ఇంట పుట్టి ఆ మాట ఒప్పుకోవడానికి పెద్ద మనసే ఉండాలి.

ఆయన రాసిచ్చిన చీటీతో హైదరాబాదు, అక్కడి నుంచి మద్రాసు వైపు ఓ పెద్దాసుపత్రికి వెళ్లారు. గుండెలోకి సన్నని గొట్టం పంపి ఫోటోలు తీసి డాక్టర్లు చెప్పారు: లోపల తొడిమకు వేలాడుతున్నట్టు ఒక గడ్డ ఉంది, పిల్ల లేస్తే అది జారి నెత్తురు పోయే దారికి అడ్డం పడుతోంది. పిల్లల్లో ఇది ఎక్కడో గానీ కనబడదట. గుండె పని కాసేపు యంత్రానికి అప్పగించి గడ్డను తీసేయాలి, బతుకుతుందని మాట మాత్రం ఇవ్వలేమన్నారు. భివండి నుంచి వచ్చిన కొడుకు రాయమల్లు సంతకం పెట్టాడు. ఆపరేషన్ సాగిన ఆరు గంటలూ ఐలవ్వ తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. పేరు తెలియని అరవ దేవుళ్లను కూడా వదల్లేదు.

గడ్డ వచ్చేసింది, పిల్ల దక్కింది. నెలన్నరకు తిరుగు రైలెక్కారు. సీటు దొరికినా గంగు కూర్చోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని బెజవాడ దాకా నిలబడింది. బెజవాడ దాటినా నిలబడే ఉంది.

"కూసోవే, కాళ్లు గుంజుతయి!" అని ఐలవ్వ కసిరింది.

"కూసోను బాపమ్మా. మంచిర్యాల దాక గిట్లనే నిలవడ్త."

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, మంచిర్యాల వచ్చేదాకా ఐలవ్వ దాన్ని తిడుతూనే ఉంది.