అచ్చుకు వెళ్ళని పుస్తకాలు

పద్దెనిమిదేళ్ళు ఒకే ప్రెస్సులో డీటీపీ చేస్తూ, కంప్యూటర్‌లో పేజీలు కూర్చిన చెయ్యి ఆమెది. వీధిలో అందరికీ డీటీపీ అక్కే. సొంతంగా పుస్తకం వేసుకుందామని వచ్చినవాళ్ళు పేజీల కొలతలు, అట్ట కొలతలు తెలియక తికమకపడటం చూసి చూసి, ప్రోగ్రామింగ్ తెలిసిన మరిదిని వెంటేసుకుని ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. రాసుకున్నది అందులో పెడితే చాలు, పేజీలు వాటంతటవే కుదురుకుంటాయి. చివర ‘అచ్చుకు పంపు’ అన్న బటన్ నొక్కితే నేరుగా ప్రెస్సుకు చేరుతుంది.

ఏడాది తిరిగేసరికి మూడొందల మంది రచయితలు చేరారు. ఒక్క ఫిర్యాదు లేదు. కానీ ఆ చివరి బటన్ నొక్కినవాళ్ళు పదకొండు మందే.

“పోనీ వదిలేసి పోయారా అంటే అదీ లేదు వదినా. రోజూ వస్తున్నారు, నాలుగు లైన్లు సర్దుకుంటున్నారు, వెళ్ళిపోతున్నారు” అన్నాడు మరిది.

“బటన్ కనపడట్లేదేమో.”

పెద్దది చేశారు. రంగు మార్చారు. ‘మీ పుస్తకం సిద్ధంగా ఉంది’ అని వారానికోసారి మెసేజ్ పంపారు. పదకొండు కాస్తా పన్నెండయింది. ఆ పన్నెండో ఆయన కూడా పొరపాటున చెయ్యి తగిలిందని, వెంటనే ఆపమని ఫోన్ చేశాడు.

అక్క పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకలా తయారైంది. ప్రెస్సులో తప్పు జరిగితే కంటికి కనిపించేది. ఒత్తు ఎగిరిపోయేది, పేజీ తలకిందులయ్యేది. ఇక్కడ దిద్దడానికి తప్పేదో తెలియడం లేదు.

రెండు వీధుల అవతల ఒక రిటైరైన నర్సు ఉంది. తన ఉద్యోగం గురించి పుస్తకం రాసింది. అది పూర్తయి పది నెలలైంది. అయినా రోజూ తెరుస్తూనే ఉంది. ఒక ఉదయం అక్క ఆమె ఇంటికే వెళ్ళింది.

“నీ సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టడానికి లేదమ్మాయ్” అంది నర్సు, కంప్యూటర్ మీద కప్పిన తువ్వాలు తీస్తూ.

“మరి అచ్చుకెందుకు పంపలేదమ్మా?”

“పేజీ నంబర్లు ఇంకాస్త పెద్దగా ఉంటే బావుండేది.”

అక్క అక్కడికక్కడే పెంచి చూపించింది. నర్సు కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. “బావుంది. కానీ మా ఆయన ఇంకా చదవలేదు.”

“మూడుసార్లు చదివాను” అని లోపలి గదిలోంచి గొంతు వినిపించింది.

నర్సు చేతిలోని తువ్వాలు మడతపెట్టింది. “ముప్పై ఏళ్ళు కాన్పులు చేశాను. బిడ్డ బయటపడగానే చేతులు కడుక్కుని పక్క మంచం దగ్గరికి పోయేదాన్ని. ఇప్పుడు ఈ పుస్తకం అయ్యాక పోవడానికి పక్క మంచం లేదు కదా.” అంతలోనే తల అడ్డంగా ఊపింది. “అదీ కాదులే. నిజం చెప్పాలంటే నాకే తెలీదు.”

అక్క ఇంటికొచ్చింది.

“ఏం మార్చమంది?” అన్నాడు మరిది.

“పేజీ నంబర్లు.”

“అంతేనా?”

“ఏమో. ఆ వారం వారం పంపే మెసేజీలు మాత్రం ఆపెయ్.”

“అవి కూడా లేకపోతే ఎవరు నొక్కుతారు వదినా?”

అయినా అక్క ఆపించింది. రెండు నెలల్లో మరో పంతొమ్మిది మంది నొక్కారు. ఎందుకు నొక్కారో వదినకూ తెలియదు, మరిదికీ తెలియదు. వాళ్ళలో నర్సు కూడా ఉంది. ఒకే ఒక్క కాపీ వేయించుకుంది.

ఆ కాపీని అక్కే తీసుకెళ్ళి ఇచ్చింది. నర్సు చెయ్యి తుడుచుకుని, నిలబడే పేజీలు తిప్పింది. నలభై మూడో పేజీ దగ్గర ఆగింది.

“ఈ లైను కిందికి జారినట్టు లేదూ?”

అక్క వంగి చూసింది. ఏమీ జారలేదు. ఆ మాటే చెబితే, నర్సు అవునన్నట్టు తలూపి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. సంతోషించిందో లేదో ఆ ముఖం చూస్తే అంతు చిక్కలేదు.

మర్నాడు పొద్దున్నే, సాఫ్ట్‌వేర్ తెరిచినవాళ్ళ జాబితాలో నర్సు మళ్ళీ కనిపించింది. అదే పుస్తకం, మొదటి పేజీ తెరిచి ఉంది.

“ఈవిడను పుస్తకం పూర్తయినవాళ్ళలో వెయ్యనా, కానివాళ్ళలో వెయ్యనా?” అని అడిగాడు మరిది.

అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని తెరకేసి చాలాసేపు చూసింది.

“ఉండనీ, ఇప్పటికి ఎందులోనూ వెయ్యకు” అంది.