ఆసు దగ్గర చదివిన పాఠం

నా మనుమరాలు బీకాంలో అన్ని పేపర్లూ పాసై, పర్యావరణం పేపరులో మాత్రం తప్పింది. అదీ మొదటి ఏడాది పేపరు. మూడో ఏడాది చివరికి వచ్చినా దాన్ని అట్లాగే వెంట ఈడ్చుకుంటూ వచ్చింది.

ఆమె నా కూతురి బిడ్డ. వాళ్ళ ఊరి నుంచి కాలేజీకి సరైన బస్సు లేదని, భువనగిరికి దగ్గర్లో ఉన్న మా ఇంట్లో ఉండి చదువుకుంది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఎంకాం ప్రవేశ పరీక్ష రాసి నల్లగొండలో సీటు వచ్చేంత ర్యాంకు కూడా తెచ్చుకుంది. అయితే డిగ్రీ పాసైన మెమో చూపిస్తేనే సీటు ఇస్తారట. ఆ మెమోకు అడ్డంగా నిలబడింది ఈ ఒక్క పేపరు. ఈసారి కూడా తప్పితే ఒక సంవత్సరం ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు సంబంధాలు చూడటం మా అల్లుడికి ఎంతసేపటి పని?

"నేను బ్యాంకుల కూసునేదాన్ని. నాకు అడవులెందుకు, ఓజోనెందుకే అవ్వా?" అని నా మీద అరిచేది, ఆ పేపరు పెట్టింది నేనే అయినట్టు.

మగ్గం గుంటలో కూర్చున్న మా ఇంటాయన ఊరుకునేవాడు కాదు. "బ్యాంకుల గాలి పీల్వవా మరి?"

"నువ్వూకో తాతా. చీర నేసెటోడు పాము మంత్రం గూడ నేర్వాలంటే నువ్వు నేరుస్తవా?"

"మంత్రం నేరిస్తెనే చీర అమ్మనిస్తమంటే నేరుస్తనే బిడ్డా. ఏం జేస్త మరి!"

మనసులో నేను పిల్ల వైపే ఉన్నాను. వాళ్ళ కాలేజీలో ఆ పేపరు ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియదట. అన్ని గ్రూపుల వాళ్ళనూ ఒక్క హాలులో కూర్చోబెట్టి, ఆ రోజు ఖాళీగా ఉన్న సారును పంపేవారట. ఆయన పుస్తకం తెరిచి ఇది ముఖ్యం, ఇది ముఖ్యం కాదు అని గీతలు గీయించి వెళ్ళిపోయేవాడట. చెప్పేవాళ్ళకే అక్కర లేని చదువును పిల్లల నెత్తిన రుద్దడం ఎందుకని నాకూ అనిపించేది.

పరీక్షలు దగ్గర పడుతున్నప్పుడే నా కుడి భుజం పట్టేసింది. ఆసు పోసీ పోసీ మా ఇళ్ళలో ఆడవాళ్ళకు భుజాలు పోవడం కొత్త కాదు. అర్ధచంద్రాకారంగా వరసగా మేకులు బిగించిన చట్రాన్ని ఆసు అంటాం. పోగును ఈ చివర ఉన్న ఒంటి మేకు నుంచి పట్టుకుపోయి ఒక్కొక్క మేకుకూ చుట్టి మళ్ళీ వెనక్కి తేవాలి. చెయ్యి పోతూ వస్తూ ఉండాలి, రోజంతా. అట్లా పోసిన పోగుల మీద మా ఆయన గీతల ప్రకారం రబ్బరు పట్టీలతో బిగించి చిటికి కడతాడు. కట్టినచోట రంగు ఎక్కదు. అట్లా చీర మీద పువ్వు లేస్తుంది. దవాఖానలో డాక్టరు నా చెయ్యి ఎత్తి చూసి, కొన్నాళ్ళు ఆసు ముట్టుకోవద్దన్నాడు. ఒప్పుకున్న చీరలు ఆగిపోతాయి. పిల్ల తనే ఆసు ముందు కూర్చుంది.

"మరి నీ పరీక్షో?" అన్నాను.

"చేతులే గద పనిల ఉన్నయి. చెవులు ఖాళీగనే ఉన్నయి. నువ్వు చదువు, నేనింట."

నేను చదవడమా! నాకు అక్షరాలు వచ్చింది మనుమరాలు పుట్టిన తరువాత. కమ్యూనిటీ హాలులో సాయంత్రాలు పెట్టిన బడిలో, దర్జీ వాళ్ళ కోడలు మా చేత పలకలు పట్టించింది. ఇంటర్ చదివిన ముస్లిం పిల్ల. మమ్మల్ని అక్కా అని పిలిచేది కానీ, తప్పు రాస్తే మాత్రం అక్కలని కూడా చూసేది కాదు. ఆ చదువుతో బస్సు బోర్డులు, గోడల మీది రాతలు, పేపర్లో పెద్దక్షరాలు చదివాను. కాలేజీ పుస్తకం ఎన్నడూ తెరవలేదు.

మా అత్త బతికి ఉన్నప్పుడు ఇంట్లో ఒక కట్టడి ఉండేది. ఆసు దగ్గర పాట పాడొచ్చు కానీ కథ చెప్పకూడదు. పాటకు చెయ్యి తాళం పట్టుకుని నడుస్తుందట, కథ వింటే మాత్రం తరువాత ఏమైందోనని మనసు ముందుకు ఉరికి మేకు తప్పుతుందట. ఆ సంగతి గుర్తుచేస్తే మనుమరాలు నవ్వింది. "గిది కథ గాదు, ఫికర్ జెయ్యకు. గీ పుస్తకం ఇని మనసు ఉరికేదుంటే నేను పేపరు తప్పుదునా?"

వేలు కింద పెట్టుకుని మొదలుపెట్టాను. ఒత్తులు వచ్చినచోట ఆగి, కూడబలుక్కుని, మళ్ళీ మొదటి నుంచి మాట మొత్తం అనేదాన్ని. జీవవైవిధ్యం అన్న మాట దగ్గర ఎంతసేపు కూర్చున్నానో!

"అవ్వా, నువ్వు గా మాట ఒడగొట్టేసరికి పరీక్ష అయిపోయి రిజల్ట్ గూడ వస్తది."

"నీకు తొందరుంటే నువ్వే చదువుకో. నేను ఆసు పోస్త."

"వద్దు తల్లీ, చదువు చదువు."

ఒకనాడు రంగు నీళ్ళు మోరీల్లో వదిలితే భూమి పాడవుతుందన్న పాఠం వచ్చింది. చీరలకు రంగు అద్దిన నీళ్ళు మేమూ మోరీలోకే వదులుతాం. మా ఆయన మగ్గం ఆపి మరీ తల ఎత్తాడు. "మన పేరు గూడ రాసిన్రా, ఇంటి నంబరు ఒక్కటేనా?" పిల్ల పడిపడి నవ్వింది. నవ్వుతూనే చెయ్యి మాత్రం మేకు మేకుకూ సరిగ్గానే తిరిగింది.

మరునాడు నీళ్ళ పాఠం. బోరు నీళ్ళ గురించి రాస్తూ మధ్యలో ఒక్క వాక్యం ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయని. ఆ మాట నేను విననిది కాదు. నల్లగొండ దిక్కు పుట్టినవాళ్ళలో విననివాళ్ళెవరు? కానీ మందిలో వినడం వేరు, నా వేలి కింద అచ్చులో కనబడటం వేరు. నేను ఆగిపోయాను.

"ఏమైందే? ఒత్తు వచ్చిందా?"

"మా అమ్మ ముచ్చట రాసిన్రు."

"మీ అమ్మ ముచ్చట బీకాం పుస్తకంలనా?" అని నవ్వబోయి నా మొహం చూసి ఊరుకుంది. ఆ వాక్యాన్నే మళ్ళీ చదివాను.

"గోడ మీది ఫోటోల పెద్దవ్వ కుర్చీ పట్టుకొని నిలబడ్డది గందుకేనా?"

"ఊఁ. మోకాళ్ళు నిలవకపోయేది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరిగేది."

"మరి గా నీళ్ళు తాగొద్దని ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెప్తారు? మాది దేవరకొండ దిక్కు పల్లె. బావి ఎండిపోయి ఆడవాళ్ళు మైళ్ళు నడిచే రోజుల్లో వాడలోకి చేతి బోరు వచ్చింది. నీళ్ళు తేటగా, చల్లగా ఉండేవి. గంగమ్మ మన వాకిట్లోకి వచ్చిందని మా అమ్మ ఆ బోరుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఏటేటా కొట్టింది. నడుము వంగిన తరువాత కూడా మా చెల్లెలి భుజం పట్టుకుని వెళ్ళి కొట్టింది. ఇదంతా పిల్లకు చెప్పాను. కన్నీళ్ళేమీ పెట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

వింటున్నంతసేపూ ఆమె చెయ్యి పోతూ వస్తూనే ఉంది. తరువాత, "గా పాఠం మళ్ళ మొదటి నుంచి చదువు" అంది.

పొద్దున చిటికి కట్టడానికి పోగులు పరిచిన మా ఆయన కేకేశాడు. "ఏడవెట్టినవే పానం? మేకు ఎగ్గొట్టినవ్! ఒక్కకాడ గాదు, రెండు కాడ్ల!"

పిల్ల వచ్చి వేళ్ళతో వెతికి చూసింది. నిజమే. "అవ్వ పాఠం చదువుతాంటే తప్పింది తాతా."

"చెత్త పుస్తకం, చెత్త పుస్తకం అంటివి గద! చెత్త ఇనుకుంట మేకు మరుస్తరా ఎవరన్న?"

ఆమె మళ్ళీ ఆసు ముందు కూర్చుంది. పోగులన్నీ విప్పి మళ్ళీ పోయడానికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు పుస్తకం తెరవలేదు. నాకు మాత్రం ఆ తప్పిన మేకులు చూసి ధైర్యం వచ్చింది. అంతవరకు ఈ పేపరు ఎట్లా గట్టెక్కుతుందోనని నాలో నేనే నలిగాను. మా అత్త లెక్క ప్రకారం చెయ్యి తప్పిందంటే చెవి పట్టుబడినట్టే.

పరీక్షలో నీళ్ళ పాఠం నుంచి ప్రశ్నే రాలేదు. అడవుల మీద, ప్లాస్టిక్ మీద వచ్చాయట. రాసింది. ఫోన్లో రిజల్ట్ చూసి, "పాసైన! పాసుకు సరిపోను వచ్చినయి, చాలు!" అని ఇల్లంతా ఎగిరింది. మెమో వచ్చింది, నల్లగొండలో సీటూ వచ్చింది. ఆ పుస్తకాన్ని వెంటనే జూనియర్‌కు ఇచ్చేయబోతే నేనే పట్టుకున్నాను. చివరి పాఠాలు నేనింకా చదవలేదు.

తన దారిది కాని చదువు పిల్లలకు పెట్టాలా వద్దా అని ఎవరైనా అడిగితే, పెట్టాలనే అంటాను. కానీ ఖాళీగా ఉన్న సారు చేతిలో పెట్టడం కాదు. అక్కర ఉన్న మనిషి నోట పెట్టాలి. నెమ్మదిగానైనా పర్వాలేదు. ఆసు పోసేది నేను, చిటికి కట్టేది ఆయన, అయినా ఆయన పని కొంతైనా తెలియకపోతే నా చెయ్యి ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసేది కాదు. మనుమరాలు మాత్రం ఈ మాట ఒప్పుకోదు. ఆ పేపరు వేస్టేనని ఇప్పటికీ అంటుంది. నేను వాదించను.

మొన్న మా తమ్ముడి కొడుకు పెళ్ళికని నేనూ మనుమరాలూ మా పుట్టింటికి వెళ్ళాం. ఎండన పడి వచ్చామని మా మరదలు చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. పిల్ల చెంబు పట్టుకుంది కానీ తాగలేదు.

"చిన్నవ్వా, గివి నల్లా నీళ్ళేనా, బోరువా?" అని మా మరదలిని అడిగింది.

పెళ్ళివారంతా గొల్లున నవ్వారు. "బ్యాంకు పిల్ల నీళ్ళకు గూడ లెక్క అడుగుతాంది" అని మా తమ్ముడు వేళాకోళం చేశాడు.

"నల్లా నీళ్ళేనే తల్లీ, పైపుల వస్తయి, తాగు. బోరు నీళ్ళు ఇప్పుడు బాసండ్లు తోముకునేటందుకే" అంది మా మరదలు.

అప్పుడు తాగింది. సగం తాగి, మిగిలిన సగం చెంబు నా చేతికి ఇచ్చింది.