ఆదివారం విందులు, మా జట్టు ఓటములు

ఉద్యోగంలో కొత్తగా చేరి, జీతం కన్నా జట్టే ముఖ్యమనుకునే వయసొకటి ఉంటుంది. నాకు ఆ వయసు కల్లూరులో గడిచింది. వారంలో ఆరు రోజులు టైల్స్ దుకాణంలో నిలబడి, స్నానాల గదికి ఏ రంగు బాగుంటుందో తేల్చుకోలేని భార్యాభర్తల మధ్య తీర్పులు చెప్పేవాణ్ణి. ఏడో రోజు మైదానంలో నిలబడి మా పేట ఫుట్‌బాల్ జట్టు కోసం గొంతు చించుకునేవాణ్ణి. ఆడేవాణ్ణి కాదు. ఒకసారి ఆడతానంటే మా కెప్టెన్ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు అరువప్పా, అది శానా బాగా చేస్తాండావు" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. గెలిచిన రోజు తీసిన ఫోటోలో అతని మోచెయ్యి సరిగ్గా నా ముఖానికి అడ్డం వచ్చింది, అదీ మర్చిపోలేదు. అయినా ఆ జట్టంటే నాకు ప్రాణం. (అభిమానం వేరు, జ్ఞాపకం వేరు.)

మా ఊళ్ళో పేటల మధ్య పోటీలు వానలు వెనకబట్టాక మొదలై, ఎండలు ముదరక ముందే ముగుస్తాయి. ఆ ఏడాది మొదట్లో మావాళ్ళ ఆట చూసి తీరాలి! కెప్టెన్ పరుగు చూసి జనం అతనికి ఇంజను అని పేరు పెట్టారు. గోల్‌కీపర్ని తలుపు అనేవాళ్ళం, ఎందుకంటే అతణ్ణి దాటి బంతి లోపలికి పోయేది కాదు. ఆ గులకరాళ్ళ మైదానంలో మావాళ్ళు పడి లేచి, మోకాళ్ళు చీరుకుపోయినా నవ్వుతూ గోలు మీద గోలు కొడుతుంటే నాకు సోమవారం పొద్దున మాట వచ్చేది కాదు. దుకాణంలో సైగలతో టైల్స్ అమ్మేవాణ్ణి.

అక్కడే వచ్చింది చిక్కు. మా పేటలో ఒక పద్ధతి ఉంది. మంచి పని చేసినవాణ్ణి నోటితో మెచ్చుకుని వదిలేస్తే అది మెచ్చుకోలు కిందికి రాదు. ఇంటికి పిలిచి, విస్తరి వేసి, చెయ్యి కడిగించి పంపాలి. పిలిస్తే రాకపోవడం అవమానం. వచ్చి తక్కువ తినడం అంతకన్నా అవమానం. ఆట ఆదివారం సాయంత్రం, విందు పై ఆదివారం మధ్యాహ్నం, అంటే సరిగ్గా తర్వాతి ఆటకు ముందు. మొదటి గెలుపుకు ఒక ఇంట్లో బిర్యానీ. రెండో గెలుపుకు ఇంకో ఇంట్లో బచ్చాలు (బొబ్బట్లే), వాటి మీద నెయ్యి. ఆ తర్వాత ఇండ్లు పోటీపడ్డాయి. ఒకరు గుత్తివంకాయ చేస్తే పక్కవాళ్ళు దానికి తోడు తలకాయ కూర చేశారు. జట్టంతా పదకొండు మందీ వరసగా కూర్చుని తినడం, "ఇంకొంచెం" అంటే వద్దనలేక తలూపడం, తర్వాత చొక్కా కింద గుండీ విప్పుకుని మైదానానికి నడవడం.

చలి తగ్గేసరికి మా ఆట కూడా తగ్గింది. ఇంజను సగం దూరం పరిగెత్తి నడుం మీద చేతులు పెట్టుకునేవాడు. తలుపు బార్లా తెరుచుకుంది. ముసలెద్దులా మెల్లగా దొర్లుకుంటూ వస్తున్న బంతిని మా గోల్‌కీపరు వంగి పట్టుకోబోయి, సగం వంగి, ఇక వంగలేక, అది కాళ్ళ సందులోంచి పోతుంటే తల తిప్పి సాగనంపాడు. చివరి స్థానాల్లో ఉన్న జట్ల చేతిలో వరసగా ఓడిపోయాం. చుట్టూ ఉన్నవాళ్ళు ఎండ అన్నారు, దిష్టి అన్నారు. నాకు మాత్రం ఒక కార్నర్ దగ్గర తెలిసింది. బంతి తన్నడానికి వచ్చిన ఇంజను నా ముందు నిలబడి, గాలి పీల్చి, పొడుగ్గా త్రేన్చాడు.

"ఏమి తింటివప్పా?" అని అరిచాను.

"సంగటి," అన్నాడు పాపం, నిజాయితీగా. "మూడు ముద్దలు. తక్కువంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు."

ఇక నాకు నిద్ర పట్టలేదు. ఎంత చెడ్డా మొదటి గెలుపుల పుణ్యాన మేమింకా పోటీలోనే ఉన్నాం. హంద్రీ ఏటి అవతలి జట్టుతో చివరి ఆట, ఎవరు గెలిస్తే వాళ్ళదే కప్పు. శుక్రవారం సాయంత్రం టీకొట్టు దగ్గర అందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. ఈ ఆదివారం ఎవరూ జట్టును అన్నానికి పిలవకూడదు, పిలిచిన ఇంటితో పేటకు మాటల్లేవు అన్నాను. ఆశ్చర్యం, అందరూ వెంటనే ఒప్పుకున్నారు. షేర్ ఆటో నడిపే మామ లేచి, "మంచి మాటే చెప్పినావు అల్లుడా, మేమందరం ఎట్లాగూ పెట్టేసినాం" అన్నాడు.

ఆ మాట నాకు ఇంటికొచ్చాక అర్థమైంది. గుమ్మంలో రెండు నాటుకోళ్ళు కాళ్ళు కట్టేసి ఉన్నాయి. కోయిలకుంట్ల నుంచి మేనమామ బండికి తగిలించుకుని తెచ్చాడట. పేటలో జట్టు చెయ్యి కడగని ఇల్లు మాదొక్కటే. మూడుసార్లు అమ్మ పిలిచింది, మూడుసార్లూ ఇంకొకరు మధ్యలో ఎత్తుకుపోయారు. (మా ఎడమ పక్కింట్లో రెండుసార్లు తిన్నారు. ఇదీ నేను మర్చిపోలేదు.)

"అమ్మా, ఈ ఆదివారం వద్దు. శనివారం పెడదాం."

"శనివారం కోడి ఎవుడు తింటాడ్రా?"

"కప్పు పోతాది అమ్మా!"

"పోనీ. అందరిండ్లల్లో తినేదానికి పొట్టలున్న్యాయి, మనింటికాడికొచ్చేతలికి కప్పు అడ్డమొచ్చిందా? పెట్టొద్దని చెప్పేదానికి పేటలో ఇంకెవురూ దొరకలేదా, నా కడుపున పుట్టినోడే కావాల్సొచ్చిందా?"

నాకూ లోపల మండుతూనే ఉంది. అమ్మకు జరిగిన అవమానం అవమానమే. కానీ కప్పు కప్పే. ఇంజనుకు నేనే చెప్పాను, మా ఇంటికి రావద్దని. "అమ్మ ఏమనుకుంటాదో అప్పా" అని గొణిగాడు. "అమ్మ సంగతి నాకొదిలెయ్" అన్నాను. అమ్మ సంగతి ఎవరి చేతిలోనైనా ఉండేదైతే కదా!

ఆదివారం పొద్దున్నే జట్టును మైదానం పక్క గుడిసె నీడలో కూర్చోబెట్టి నేను కాపలా కాశాను. అరటిపండ్లు, మజ్జిగ తప్ప ఇంకేదీ దగ్గరికి రానివ్వలేదు. ఎవరో బొరుగుల ఉగ్గాని పొట్లం తెస్తే తరిమేశాను. మధ్యాహ్నానికి మావాళ్ళు గాలిలా తేలిగ్గా ఉన్నారు. ఇది కదా జట్టంటే!

నాలుగింటికి అవతలి జట్టు మామ ఆటోలోంచి ఒక్కొక్కరుగా దిగింది. దిగడం కాదు, ఒకర్నొకరు దింపుకున్నారు. వాళ్ళ కెప్టెన్ పళ్ళు కుట్టుకుంటున్నాడు. వాళ్ళు నా పక్కనుంచి పోతుంటే గసగసాలు, ఎండు కొబ్బరి, కాల్చిన వెల్లుల్లి కలిసిన వాసన ఒకటి వచ్చింది. ఆ పులుసు వాసన నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

"మామా, వీళ్ళు యాడ తిన్యారు?"

"మీ ఇంట్లోనే!" అన్నాడు మామ వెలిగిపోతూ. "మీ వీధి చివర నీళ్ళకోసం దిగినారు. మీయమ్మ ‘తిన్నారా నాయనా' అనె. లేదనిరి. మనకు ఎదురు జట్టు గదక్కా అని నేను చెప్తి. ‘అయితే ఆకలి కాదా వాళ్ళకు' అనె. నాకూ పెట్టిందిలే."

ముందు కోపం ముంచుకొచ్చింది. మరుక్షణం ఒక మెరుపు మెరిసింది. పదకొండు మంది శత్రువులు, గొంతుదాకా నాటుకోడి! తెలిసో తెలియకో మా అమ్మ కప్పును మా చేతిలో పెట్టింది! ఈల మోగగానే అదే జరిగింది. మావాళ్ళు లేళ్ళలా దూకారు. వాళ్ళు నీళ్ళలో నడిచినట్టు నడిచారు. ఇంజను ముగ్గుర్ని తప్పించి కొట్టిన గోలుకు నేను ఎగిరి మామ మీద పడ్డాను. సగం ఆట అయ్యేసరికి మాదే పైచేయి. "అక్క చేతి కూర సామాన్యమా!" అని మామ ఊగిపోయాడు.

సామాన్యం కాదు. అయితే రెండో సగంలో ఆ కూర అరిగింది. అరిగిన నాటుకోడి మనిషిని ఎట్లా పరిగెత్తిస్తుందో ఆ రోజు చూశాను. ఇటు మావాళ్ళలో అరటిపండు అయిపోయింది. ఒకడికి పిక్క పట్టేసింది. ఒకడు కళ్ళు తిరిగి గోలుకంబం పట్టుకున్నాడు. ఇంజను నా వైపు వచ్చి, "అప్పా, ఆ ఉగ్గాని ఉండాదా?" అని అడిగాడు, ఆట మధ్యలో! వాళ్ళు ఒక గోలు కొట్టి సమం చేశారు. చివరి నిమిషాల్లో ఇంకోటి కొట్టారు. అది ఆఫ్‌సైడ్, కొట్టినవాడు బంతి కన్నా ముందే పోయి మా గోలు దగ్గర కాపు కాశాడు, ఆ గోలు లెక్కలోకి రాదు. గొంతు పోయేదాకా అరిచాను, రెఫరీ నా వైపు చూడనైనా చూడలేదు.

వాళ్ళు కప్పుతో నేరుగా మా ఇంటికొచ్చారు. వాళ్ళ కెప్టెన్ తన మెడలోని దండ తీసి అమ్మ చేతిలో పెట్టి, "మీ అన్నం గెలిచింది తల్లీ" అన్నాడు. వెనకే మా జట్టు, తలలు వంచుకుని, ఆకలికి నిలబడలేక గోడ పట్టుకుని వచ్చింది. అమ్మ వాళ్ళను ఒక్క మాట అనలేదు. మిగిలిన పులుసులో సంగటి వేసి వరండాలో వరసగా కూర్చోబెట్టింది. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు వడ్డించారు. ఇంజను నాలుగో ముద్ద దగ్గర తలెత్తి, "ఇంత రుచి ఉంటాదని తెలిసింటే ఈ ఇంటికే ముందు వచ్చుందుము గదమ్మా" అన్నాడు. అమ్మ ముఖం అంతగా వెలగడం నేను చాలా రోజులకు చూశాను.

నేను మాత్రం గేటు బయట నిలబడి, దారిన పోయేవాళ్ళను ఆపి ఆఫ్‌సైడ్ గురించి చెబుతూనే ఉన్నాను. నన్ను అన్నానికి ఎవరూ పిలవలేదు. పిలిచాననీ, నాకే వినబడలేదనీ అమ్మ అంటుంది. ఇప్పటికీ మా ఇద్దరికీ రాజీ కుదరలేదు. ఈ మధ్య ఆ వీధిలోంచి పోతుంటే అప్పటి నేను, ఆ కుర్రాడు, ఇంకా అక్కడే ఉన్నట్టు, ఎండిన పెదాలతో, చేతులు ఊపుతూ కనిపిస్తాడు. లోపల రెండు జట్లు ఒకే గిన్నె చుట్టూ నవ్వుకుంటుంటే వాడొక్కడే బయట. భుజం తట్టి, "ఆట పోతే పోయింది, పులుసు ఉండాది, లోపలికి పోప్పా" అనాలనిపిస్తుంది. వాడు వినడు. ఆఫ్‌సైడ్ అంటాడు.

(ఆఫ్‌సైడే.)