తమిళం నుంచి అనువాదమట

మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడేవాళ్ళం. చదవగలిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మా పెద్దలు పుదుచ్చేరి చుట్టుపక్కల ఎన్ని తరాలుగా సేద్యం చేస్తున్నారో ఎవరికీ లెక్క తెలియదు. నాన్న కోసపాళయంలో విత్తనాల అంగడి పెట్టాక మేం టౌనుకి వచ్చాం. బళ్ళో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగంటే నాకు అవ్వ గొంతు.

అవ్వ చెప్పే కథల్లో నాకు బాగా కోపం తెప్పించింది ఏడు చేపల కథ. రాజకొడుకులు పట్టి తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డివామి మీద చెబుతుంది, గడ్డివామి ఆవు మీద చెబుతుంది, అలా నేరం ఒకరి మీద నుంచి ఒకరి మీదకు జారుతూ చీమ దాకా పోతుంది. తెలుగు పిల్లలందరూ విన్న కథే. నాకు ఏడెనిమిదేళ్ళున్నప్పుడు ఒక రోజు మధ్యలో ఆపేశాను.

"అవ్వా, అది ఎందుకు ఎండాల?"

"ఏంది పాపా?"

"ఆ చేపకు ఎండేది ఇష్టం లేదేమో. ఎవురన్నా అడిగినారా దాన్ని?"

అవ్వ "ఎవురూ అడగలా," అంది. "నువ్వు అడుగు, పో."

డెబ్భైల చివర, నేను కాలేజీలో చేరిన ఏడాది, మా పక్కింట్లోకి యానాం నుంచి బదిలీ అయిన ఒక గుమాస్తా కుటుంబం దిగింది. ఆయన భార్య నాకంటే పదేళ్ళు పెద్దది. యానాం అక్క అని పిలిచేదాన్ని. మొదటిసారి నా తెలుగు విని పకపకా నవ్వింది. నాకు అక్షరాలు రావని తెలిశాక నవ్వు ఆపింది.

"ఇంత వాగుతావు, ఒక్క ముక్కా రాయలేవా? రేపు పలక పట్టుకుని రా అమ్మాయ్," అంది.

కాలేజీ చదివే పిల్లను, పలక పట్టుకుని ఆమె వంటింటి గడప మీద కూర్చుని అఆలు దిద్దాను. ఒత్తులు నన్ను ఏడిపించాయి. ఏడాదికి వారపత్రికలు చదవగలిగాను. డిగ్రీ అయి ఒక బళ్ళో టీచరుగా చేరాక నవల మొదలుపెట్టాను.

మా బళ్ళో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని మనసులో పెట్టుకుని రాశాను. టౌను పక్కన చేపలు పట్టేవాళ్ళ ఊరు తేంగాయితిట్టులో ఎండుచేపలు తిరగేసే పద్నాలుగేళ్ళ పిల్ల నా కథానాయిక. ఒక మధ్యాహ్నం ఆరు చేపలు ఎండిపోతాయి. ఏడోది కన్ను తెరిచి, "నన్ను ఎండమని ఎవురు జెప్పినారు?" అంటుంది. పిల్ల దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని సముద్రానికి బయల్దేరుతుంది. దారిలో కొండంత గడ్డివామి, మనుషుల మాటలు మాట్లాడే ఆవు, నేల కింద చీమల రాజ్యం ఆమెను ఆపుతాయి. చివరికి చేప నీళ్ళలోకి పోతుంది. పిల్ల ఇంటికొచ్చి, రేపటి నుంచి బడికి పోతానని అమ్మకు చెబుతుంది. అంతే కథ.

దాని కోసం ఎన్ని ఆదివారాలు సైకిలు తొక్కుకుంటూ తేంగాయితిట్టు పోయానో. చేపలు ఎండేసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పని చూసేదాన్ని. "చేపలొక్కటేనా, మేమూ ఎండుతున్నాం, అది కూడా రాసుకో," అని ఒకామె తమిళంలో అంది. రాసుకున్నాను. కథ నడిపించింది అక్క నేర్పిన పుస్తకాల తెలుగులో. ఆ పిల్లా చేపా మాట్లాడుకున్నది మాత్రం మా ఇంటి తెలుగులో.

విజయవాడ ప్రచురణకర్త ఒకాయన వేస్తానని కార్డు రాశాడు. వీధంతా చూపించాను ఆ కార్డు. ప్రూఫులు పంపలేదు. మొదటి పుస్తకం కదా, పంపాలని నాకూ తెలియదు. ఎనిమిది నెలలకు పది కాపీల కట్ట వచ్చింది. యానాం అక్కే దారం తెంపింది. అట్ట తిప్పింది. ఆమె ముఖం మారింది.

"ఇదేంటిది?"

నా పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది: తమిళం నుంచి అనువాదం.

నిలబడే చదివాను. నా పిల్ల నోట 'యాడ' అన్న ప్రతిచోటా 'ఎక్కడ' అయింది. 'ఎవురు' 'ఎవరు' అయింది. తేంగాయితిట్టులో చేపలు తిరగేసే పిల్ల రేడియోలో వార్తలు చదివే ఆమెలా మాట్లాడుతోంది. అది కూడా ఓర్చుకుందును. ఆఖరి అధ్యాయంలో చేపకు శాపవిమోచనం కలిగింది, రాకుమారుడయ్యాడు, నా పద్నాలుగేళ్ళ పిల్లను పెళ్ళి చేసుకున్నాడు! బడికి పోతానన్న మాట ఎక్కడా లేదు. నేను రాయని పెళ్ళి నా పేరుతో మూడు పేజీలు సాగింది, మంగళవాద్యాలతో సహా.

అవ్వకు చదివి వినిపించాను. చివరిదాకా వింది. "ఇది మనింటి కత గాదే. ఎవురింటిదో తెచ్చినావు," అంది.

ప్రచురణకర్తకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆ సమయంలోనే పుదుచ్చేరిలో ఉద్యోగాలు చేసే ఆంధ్రా ఆఫీసర్లు కొందరు ఫ్రెంచివాళ్ళు కట్టిన వైట్ టౌన్‌లో ఒక హాలు తీసుకుని ఆదివారం ఉదయం నాకు సన్మానం పెట్టారు. ప్రచురణకర్త కూడా వస్తున్నాడని తెలిసే ఒప్పుకున్నాను. అవ్వనూ యానాం అక్కనూ వెంటబెట్టుకుని పోయాను.

అధ్యక్షత వహించిన ఆఫీసరు మంచివాడే. "అనువాదమని ఎక్కడా అనిపించదు. ఈ అమ్మాయి తెలుగు ఎంత బాగా నేర్చుకుందండీ!" అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా పట్టుకుని నా దగ్గరకు వస్తుంటే లేచి నిలబడ్డాను.

"ఆగండి సార్. ఇది అనువాదం కాదు. నేను తెలుగులో రాసినాను. తమిళంలో ఈ నవల లేదు."

ప్రచురణకర్త నవ్వుతూ లేచాడు. "ఏదో మీ మంచికేనమ్మా. పుదుచ్చేరి నుంచి తెలుగు నవలంటే ఎవరు నమ్ముతారు? పైగా మీ భాషలో బోలెడంత తమిళ వాసన. దిద్దడానికి మా పండితుడికి రెండు నెలలు పట్టింది తెలుసా?"

"పెళ్ళి కూడా పండితుడే చేసినాడా?"

"పిల్లల కథ శుభంగా ముగియాలి కదమ్మా."

"బడికి పోయేది అశుభమా?"

ఆయన నన్ను వదిలి, నా పక్కన కూర్చున్న అవ్వ వైపు తిరిగాడు. "ఏమ్మా, మీరు తెలుగువారేనా?"

అవ్వ తలెత్తి చూసింది. "నువ్వు యాడోడివి నాయనా?"

"విజయవాడ."

"ఆడ తెలుగు ఇట్లా మాట్లాడతారా? ఒగ మాదిరిగా ఉండాది. పరవాలేదులే, నాకు అర్థమయితా ఉండాది."

వెనక వరసలో ఎవరో గట్టిగా నవ్వారు. తర్వాత సగం హాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శాలువా వద్దన్నాను. "తప్పు దిద్దినాక కప్పండి సార్," అన్నాను. ఆఫీసరు నొచ్చుకోకుండా శాలువా మడిచి బల్ల మీద పెట్టాడు. ప్రచురణకర్త వైపు తిరిగి, "దిద్దుతానని ఇప్పుడే కాగితం మీద రాసివ్వండి," అన్నాడు. ఆయన రాసిచ్చాడు.

రెండు నెలలకు ప్రచురణకర్త నుంచి బొటనవేలంత చీటీలు వచ్చాయి, 'ఇది స్వతంత్ర రచన' అని. యానాం అక్కా నేనూ కూర్చుని మా పది కాపీలకూ అంటించాం. అప్పటికే అమ్ముడుపోయిన వాటికి ఎవరు అంటిస్తారు? పెళ్ళి మాత్రం అలాగే ఉండిపోయింది. రెండో ముద్రణలో తీసేస్తానన్నాడు. రెండో ముద్రణ రానే లేదు.

మరుసటి ఏడు హోసూరు దగ్గర్నుంచి, అక్కడి తెలుగు బళ్ళో చదివే తొమ్మిదో తరగతి అమ్మాయి ఉత్తరం రాసింది. నవల బాగుందట. తమిళ మూలం ఎక్కడ దొరుకుతుందో చెప్పమంది. ఆ రోజు నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ పిల్ల తప్పేముంది? అచ్చులో ఏముంటే అదే నమ్మింది. కూర్చుని, నేను మొదట రాసిన ఆఖరి అధ్యాయం పద్దెనిమిది పేజీలూ చేత్తో కాపీ చేసి రిజిస్టరు పోస్టులో పంపాను.

జవాబు వచ్చింది. క్లాసులో గట్టిగా చదివిందట. వాళ్ళింట్లోనూ 'యాడ' అనే అంటారట. ముగ్గురు స్నేహితురాళ్ళకు మాత్రం పెళ్ళే నచ్చిందని నిజాయితీగా రాసింది. ఆ ముగ్గురి మీద నాకు కోపం రాలేదు. ఆ పెళ్ళి రాసిన పండితుడి మీద, దాన్ని అచ్చేసినాయన మీద కోపం ఈ పూటకీ తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను ప్రయత్నించనూ లేదు.