మేము గొట్టం ఊదిన ఆదివారాలు

పెనం మీద వాము వేగే వాసన వస్తే ఇప్పటికీ నాకు అది ఆదివారం పొద్దున అనిపిస్తుంది. బళ్ళారిలో మా ఇంటి కింది వాటాలో ఉండే ఆవిడ, మనవడికి జలుబు చేసినప్పుడల్లా వాము వేయించి, గుడ్డలో మూటకట్టి, వాడి వీపుకు కాపడం పెడుతుంది. ఆ ఘాటు మెట్లెక్కి పైకి వచ్చేసరికి చేతిలో పని ఆపి నిలబడిపోతాను. మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, ఈ వాముతో చేసిన నిర్వాకం వల్ల ఒక వైద్య పరిశోధనలోంచి మా ఊరు ఊరే ఎగిరిపోయిందని చెప్తే ఆవిడ నమ్మదు. నమ్మకపోతే పోనీ, జరిగింది మాత్రం అదే.

మా ఊరు బళ్ళారి నుంచి తోరణగల్లు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. ఇనుప ఖనిజం గనులు జోరుగా నడిచిన కాలం అది. పగలనక రాత్రనక టిప్పర్లు పైన పట్ట కూడా కప్పకుండా మట్టి ఒలకబోసుకుంటూ పోయేవి. వేపాకు ఎరుపు, వీధికుక్క ఎరుపు, ఆరేసిన పంచె ఎరుపు, పొద్దున్నే హోటలు ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ నిలబడిన డ్రైవర్ల కనురెప్పలు కూడా ఎరుపే. ఉగాదికి జేజి ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చి పళ్ళెంలో పేరిస్తే పైన పలచటి గుడ్డ కప్పాల్సిందే, లేదంటే నెయ్యితో పాటు ఇసుక కూడా పంటి కింద కరకరలాడేది. ఎండాకాలం సెలవుల్లో మేము ఆగి ఉన్న టిప్పర్ల తలుపుల మీది దుమ్ములో వేలితో మా పేర్లు రాసి, ఎవరి పేరు చెరిగిపోకుండా సాయంత్రం తిరిగి వస్తుందోనని రోడ్డు పక్కన కూర్చుని చూసేవాళ్ళం. ఊరికి నాలుగు డబ్బులు కనబడిన రోజులు కూడా అవే. మా నాన్న, అంతకుముందు వేరుశనగ వేసే బడి పక్క చేనును, ఖనిజం కుప్ప పోసుకునేందుకు ఒక వ్యాపారికి బాడుగకిచ్చాడు. వానను నమ్ముకునే దానికంటే బాడుగ నయం కదా అని ఇంట్లో అందరం సంతోషపడినవాళ్ళమే.

మా డాక్టరును ఊరంతా డాక్టరప్ప అనేది. వారానికి రెండు మూడుసార్లు బళ్ళారి నుంచి స్కూటరు మీద వచ్చి, పంచాయతీ గది వసారాలో బల్ల వేసుకొని కూర్చునేవాడు. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, తిట్టేటప్పుడు రెండూ. నాన్నకు పెళ్ళి కాకముందు నుంచే మా ఇంటి జ్వరాలు, కాన్పులు, తేలుకాట్లు, నాన్న కోపం, అన్నీ ఆయనకు తెలుసు. ఎవరైనా వచ్చి కూర్చోగానే జబ్బు అడగడం మాని, మీ అత్త ఎట్లుండాది, మీ బర్రె ఈనిందా అని అడిగేవాడు. ఆ మాటల్లోనే జబ్బేమిటో ఆయనకు దొరికిపోయేది. మా తమ్ముడు వీరేశుకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. చలికాలం వస్తే చాలు, వాడి గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. వాడికి ఏ మందు పడుతుందో, ఏది పడదో మా అమ్మకంటే డాక్టరప్పకే బాగా తెలుసు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు ఆయన ఒక కబురు తెచ్చాడు. వేరే ఊరి వైద్య కళాశాలవాళ్ళు, ఖనిజం దుమ్ముకు పిల్లల ఊపిరి ఎట్లా మారుతోందో పరిశోధన చేస్తున్నారట. పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ళను మాత్రమే చూస్తే లాభం లేదు, ఇళ్ళల్లో తిరిగే పిల్లలను చూడాలి, అందుకే రోడ్డు పొడుగునా ఇంటింటినీ ఎరిగిన డాక్టర్లను కలుపుకొన్నారట. నెలకొక ఆదివారం పిల్లలు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి. దాని మీది ముల్లు ఎంత దూరం జరిగితే అంత రాసుకుంటారు. ఏడాది తర్వాత అన్ని ఊళ్ళవీ కలిపి చూస్తారు. ఊపిరి తగ్గినట్టు తేలితే, కుప్పల్ని పిల్లల బళ్ళకు దూరంగా జరపమని గట్టిగా అడగొచ్చు. ఇష్టం లేనివాళ్ళు రానక్కర్లేదు, వచ్చినవాళ్ళు ఎప్పుడైనా మానుకోవచ్చని కూడా చెప్పాడు. అందరూ తలూపారు. నాన్న కూడా ఊపాడు. కుప్ప తన చేలోనే ఉందన్న సంగతి అప్పుడాయనకు తట్టిందో లేదో నాకు తెలియదు.

మొదటి ఆదివారం కళాశాల నుంచి ఇద్దరు వచ్చారు. వయసులో డాక్టరప్పకంటే చాలా చిన్నవాళ్ళు. ఊరందరినీ తిట్టే మా డాక్టరప్ప వాళ్ళ పక్కన చేతులు కట్టుకొని నిలబడి, ప్రతి మాటకూ సార్ అంటున్నాడు. జేజి అది చూసింది. చూసిందంటే అయిపోయినట్టే. వాళ్ళు మన డాక్టరప్ప పనితనాన్ని పరీక్ష చేయడానికి వచ్చినారని ఆమె తీర్మానించుకొంది. సాయంత్రం కొళాయి దగ్గర ఆ మాట వేసింది, తెల్లారేసరికి ఊరి ఆడవాళ్ళందరికీ అదే నిజమైపోయింది.

ఇక చూడాలి ఆ తర్వాతి నెలల సంబరం. ఊదే ఆదివారానికి ముందే వీరేశును సిరిగేరిలో మా మేనత్త ఇంటికి పంపేవాళ్ళు, వరిమళ్ళ గాలి పీల్చి రమ్మని. ఆదివారం పొద్దున్నే వాడు బస్సు దిగగానే జేజి వాముమూట వేడిచేసి రొమ్ముకూ వీపుకూ కాపి, మిరియాల కషాయం తాగించి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించి, తలకు నూనె రాసి పాపిడి తీసి, పౌడరద్ది తోలుకొని పోయేది. ఏ జబ్బూ లేని నాకు కూడా అదే శిక్ష. పక్కింటివాళ్ళు పిల్లలకు రోజూ బుడగలిచ్చి ఊదిస్తున్నారు; ఎదురింటామె అయితే కొడుకు చేతికి పొయ్యి ఊదే గొట్టమే ఇచ్చి సాధన చేయించింది, వాడు పొగకు కళ్ళు నలుపుకుంటూ ఊరంతా తిరిగాడు. వసారాలో ముల్లు ముందుకు జరిగినప్పుడల్లా ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకొని తృప్తిపడేవాళ్ళు.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మా అమ్మకు జ్వరంగా ఉందని డాక్టరప్ప మా ఇంటికే వచ్చాడు. ఆ రోజంతా బడి పక్కన టిప్పర్లు మట్టి దించుతూనే ఉన్నాయి. వీరేశు మంచం పట్టెను రెండు చేతులా పట్టుకొని, భుజాలు ఎగరేస్తూ కూర్చుని ఉన్నాడు. మాట రావడం లేదు, పెదవులు నల్లబడ్డాయి. నాకు భయమేసి ఏడుపొచ్చింది. డాక్టరప్ప అమ్మ జ్వరం మాటే మరిచి, వాడికి సూది వేసి, మందు పీల్పించి, కాస్త తేరుకున్నాక సంచిలోంచి గొట్టం తీసి ఊదించాడు. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. మొన్న ఆదివారం అంత బాగా ఊదినవాడికి ఇంతలో ఏమైందని ఆయన జేజిని అడిగాడు. జేజి ఏమాత్రం జంకకుండా సిరిగేరి దగ్గర మొదలుపెట్టి పౌడరు దాకా అంతా చెప్పింది, గొప్పగానే.

"ఎందుకు చేస్తివవ్వా ఇట్ల?" అన్నాడాయన.

"నీ కోసమేనప్పా. మా పిల్లోళ్ళు ఆయాసపడతా ఊదితే, ఇన్నేండ్లుగా ఈడ ఏం మందులిస్తాండావని ఆ దొడ్డ డాక్టర్లు నిన్ను అడగరా? నీ పేరు పోతే మాకు బాగుంటాదా?"

ఆయన తిడతాడనుకున్నాను. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"నా పేరు పోతే పోనీవ్వా. వీడు ఎట్లుంటే అట్ల రావల్ల. నువ్వు బాగు చేసి చూపెడితే, ఆ కుప్ప వల్ల ఏం కాలేదని రాసుకుంటారు వాళ్ళు."

జేజి వీరేశు వైపు చూసింది, తర్వాత వాకిట్లో నిలబడిన నాన్న వైపు చూసింది. ఆ చూపు నాన్న తట్టుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు డాక్టరప్ప ఇంటింటికీ పోయి అడిగాడు. అన్నిచోట్లా అదే కథ. మా ఊరి కొలతలు నమ్మదగ్గవి కావని ఆయనే కళాశాలకు చెప్పాడు. మళ్ళీ మొదటి నుంచి కొలుస్తానని బతిమాలుకొన్నాడట కానీ, సగం ఏడాది గడిచిపోయింది, కుదరదని వాళ్ళు మా ఊరినే తీసేశారు. తక్కిన ఊళ్ళ ఫలితాలు చూపించి డాక్టర్లు అడిగితే రెండు మూడు చోట్ల కుప్పలు బళ్ళకు దూరంగా జరిగాయి. మా ఊరి గురించి చూపడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఉగాదికి బాడుగ ఒప్పందం ముగియగానే జేజి పట్టుబట్టి నాన్నచేత చేను ఖాళీ చేయించింది. వ్యాపారి కుప్పను రోడ్డవతల ఇంకొకరి చేలోకి మార్చుకొన్నాడు. గాలి తిరిగితే ఆ దుమ్ము మళ్ళీ మా బడిలోకే.

ఆ తర్వాత డాక్టరప్ప ఎప్పుడు కనిపించినా జేజి కొంగు తలమీదికి లాక్కొని, "నిన్ను తక్కువ చేస్తిమప్పా" అనేది. ఆయన ఎంత సర్దిచెప్పినా వినలేదు. పోయేదాకా ఆమెకు ఆ బాధ తీరలేదు. ఇన్నేళ్ళకు నాకు కూడా ఆమె మీద కోపం లేదు, దిగులే ఉంది.

ఇప్పుడు ఆ టిప్పర్ల వరుసలు లేవు. బడి పక్క చేలో నాన్న మళ్ళీ వేరుశనగ వేసి చూశాడు, కాయ పట్టలేదు. డాక్టరప్ప కాలం చేశాడు. ఆయన కూర్చున్న వసారాకు షట్టరు పెట్టి మొబైళ్ళ అంగడి చేశారు. వీరేశు బళ్ళారిలోనే జీన్సు ప్యాంట్ల వ్యాపారం చేస్తాడు, జేబులో మందు పీల్చే డబ్బీ లేకుండా గడప దాటడు. పోయిన నెల వాడికి బాగా ఎక్కువైతే పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. టోకెను తీసుకొని, మా అంకె పిలిచేదాకా కూర్చున్నాం. ఒక అమ్మాయి వాడి ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం ఇచ్చి, గట్టిగా ఊదమంది. తెర మీద గీత కాస్త లేచి పడిపోయింది. వాడు ఆయాసపడుతూనే నావైపు తిరిగి నవ్వి, "జేజి ఉండింటే నన్ను ఇట్ల రానిచ్చేది కాదక్కా" అన్నాడు.

కుర్ర డాక్టరు ఆ కాగితం వైపు ఒకసారి చూసి, మందులు రాసి, తర్వాతి అంకె పిలిపించాడు. మా వీరేశు ఊపిరి అంత తక్కువ పలికినందుకు అక్కడ ఎవరి పేరూ పోలేదు.