కాలనీ అనగానే వెనక్కెళ్లిన తాళంచెవి

మాది కొలకలూరు. బాపట్ల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరిన కొత్తలో అద్దెకు ఇల్లు మాట్లాడుకున్నాను. "శుక్రవారం పాలు పొంగించుకోమ్మా" అంటూ ఇంటావిడ తాళంచెవి ఇవ్వబోయింది. అంతలోనే అడిగింది.

"కొలకలూరులో ఎక్కడమ్మా మీ ఇల్లు?"

"కాలనీలో అండి."

ఆవిడ చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. "అయ్యో, ఈ ఇంట్లోకి మా తమ్ముడొస్తానన్నాడు, మర్చేపోయా!"

"కాలనీ అనగానే గుర్తొచ్చాడా అండి?" అని అడిగేసి వచ్చేశాను.

మా తాతల కాలంలో ఊరివాళ్లు మా పేటను కులం పేరుతోనే పిలిచేవారట. ప్రభుత్వం ఇళ్లు కట్టించాక కాలనీ అన్నారు. ఇంగ్లీషులో ఆ మాటకు, ఎక్కడినుంచో వచ్చినవాళ్లు స్థిరపడ్డ చోటని అర్థం. పిల్లలకు ఆ అర్థం చెప్పినప్పుడల్లా ఇప్పటికీ నాకు మండుకొస్తుంది. మేం ఎక్కడినుంచీ రాలేదు. ఆ ఊరివాళ్లమే.