ఆడబిడ్డలు ముందు నడిచిన పోలింగు

2019 జనవరి. కొల్లాపూర్ దగ్గరి ఒక మండలంలో పంచాయతీ ఎన్నికలకు నన్ను జోనల్ ఆఫీసర్‌గా వేశారు. అంటే కొన్ని పోలింగ్ కేంద్రాల మంచీచెడూ నా నెత్తిన. ఎక్కడ గొడవ రావచ్చో ముందే చూసి, అక్కడ పోలింగు పెట్టాలో వద్దో రాసివ్వడం నా పని.

ఒక పంచాయతీలో రెండు పల్లెలు: పెద్దూరు, గుట్టకింది పల్లె. రెండుచోట్లా గొర్లు కాసుకునేవాళ్లే, అంతా వియ్యాలవాళ్లే. దసరా ముందు మేత జాగా కాడ మాటామాటా పెరిగి కర్రలు లేచాయి, తలలు పగిలాయి. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు. పోలింగేమో పెద్దూరి బడిలో.

"ఎందుకు సార్ తలనొప్పి? కేంద్రాన్ని మండలానికి మార్చేద్దాం" అన్నాడు ఎస్సై. నాకూ అదే నయమనిపించింది. ఎవరికేమైనా అడిగేది నన్నే కదా!

బడి చూసి వస్తుంటే ఎదురింటి లచ్చవ్వ అడ్డం నిలబడింది.

"సారూ, ఓట్లు గీడ పెడ్తలేరట?"

"కొట్లాటైతే ఎవరు జవాబు చెప్తరవ్వా?"

"నా బిడ్డను గుట్టకింద ఇచ్చిన. తొలిసూరు పురుడు పుట్టింట్ల పొయ్యాలె, గదీ కాలె. మనుమనికి మూడో నెల, ఇంకా మొఖం సూడలే. ఓటు పేరు మీదన్న వస్తరనుకున్న. గదిగూడ లేకుంట జేస్తవా?"

మెత్తబడి అడిగాను. "వస్తే మీవోళ్లు ఊకుంటరా?"

"ఆడబిడ్డ మీద చెయ్యి లేపెటోడు గీ ఊర్ల పుట్టలే. గాడి కోడండ్లల్ల సగం మంది మా ఆడబిడ్డలే. ఆళ్లను ముంగట నడిపియ్యి, మొగోళ్లను ఎనుక రానియ్యి."

గుట్టకింది పెద్దమనిషినీ అడిగాను. "మా ఆడోళ్లు పుట్టింటికి పోతుంటే ఎనుక కట్టెలు పట్టుకొని పోతమా సారు? సిగ్గుండదా?" అని నామీదే లేచాడు. పోలింగు అక్కడే అని రాసిచ్చాను. ఎస్సై మొహం మాడ్చుకున్నా, అదనంగా కానిస్టేబుళ్లను ఇచ్చాడు. మంచివాడే.

పోలింగు నాడు పొద్దున్నే గుట్టకింది ఆడవాళ్లు గుంపుగా వచ్చారు, వెనుక మగవాళ్లు వట్టి చేతులతో. బాటమీద పెద్దూరి మగవాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకడు, "మంచిగున్నవా అక్కా?" అంటూ పక్కకు జరిగాడు. అంతే, అందరూ జరిగారు.

ఆ తర్వాత ఏ ఊరికి పోయినా, పోలీసులు ఎంతమంది కావాలని అడిగే ముందు ఎవరి బిడ్డను ఎక్కడ ఇచ్చారని అడిగేవాణ్ణి. నా ఉద్యోగంలో ఏ శిక్షణలోనూ నేర్పని సంగతి అది. లచ్చవ్వకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ రోజు పోలింగు ముగిసేవేళ ఆమె అరుగుమీద మనుమణ్ణి ఆడిస్తూ కనిపించింది.

"అవ్వా, నీ ఓటు?"

"అయ్యో, యాదికే లేదు సారూ!" అంటూ లేచింది. పక్కనున్న కూతురు చేతులు చాపినా పిల్లాణ్ణి ఇవ్వలేదు. ఎత్తుకునే పోయి ఓటేసి వచ్చింది.